అతుకు తాడు వెంట పిండారీ దాకా

నేను తిరిగి వచ్చి నెల దాటింది. ఎమ్మిగనూరు సంతలో కనబడిన ప్రతివాడూ "మంచు ఎట్లుంటాది రంగప్పా?" అని అడుగుతూనే ఉన్నాడు. తెల్లగా ఉంటుందని చెప్పి తప్పించుకుంటున్నాను. హిమాలయాల దాకా పోయి వచ్చిన మనిషి ఇంత పొదుపుగా మాట్లాడితే, ఏదో దాస్తున్నాడనే అనుకుంటారు. దాస్తున్న మాట నిజమే. ఇక దాచలేక ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. క్షేత్రాల మహిమలు, కొండల అందాలు ఇందులో వెతుక్కునేవాళ్ళు నిరాశపడతారు. ఆ దారంతా నేను గుండె చేత్తో పట్టుకుని నడిచాను. కళ్ళు అక్కడున్నాయి గానీ మనసు మూడు తాళ్ళ చుట్టూ తిరుగుతూ ఉండింది.

ఆదోని

తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఎమ్మిగనూరులో మగ్గాల మీంచి దిగిన చీరలు, దుప్పట్లు నా ముందుకు వస్తాయి. మడత విప్పి వెలుతురుకు పట్టి, పోగు తెగిన చోటు, అంచు వంకరపోయిన చోటు చూసి పక్కన పెడతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. నన్ను చూస్తే నేతగాళ్ళకు ఒళ్ళు మంట. అన్నంలో రాయి ఉంటే అది మీకే తగులుతుందని మా ఆవిడ అంటుంది.

మా అక్క ఈరమ్మకు ఒక్కడే కొడుకు, నాగరాజు. మద్రాసులో ఒక కాలేజీలో భూగోళం పాఠాలు చెబుతాడు. వాడికీ వాడి స్నేహితులిద్దరికీ కొండలెక్కే పిచ్చి. ఈ వేసవిలో కుమావూఁ కొండల్లో ఉన్న పిండారీ హిమానీనదం మీదికి పోతున్నామని, దాని పై వంపులు చూసి పటం గీయాలని నాకు రాశాడు. హిమానీనదమంటే మంచు నదట. కంటికి తెలియకుండా కిందికి జారుతూ ఉంటుందట. దాని మీద పెద్ద పెద్ద పగుళ్ళు ఉంటాయట. పైన పల్చగా మంచు కప్పుకుని ఉంటే ఆ పగులు కనబడదు. అందుకని ముగ్గురూ ఒకే తాడుకు నడుములు కట్టుకుని దూరం దూరంగా నడుస్తారు. ఒకడు పడితే మిగిలిన ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి ఆపాలి.

విదేశాల నుంచి వచ్చే సీమ తాళ్ళు కొనే స్తోమత వాళ్ళకు లేదు. "ఎద్దులను ఆపే మన ఆదోని నూలు పగ్గం మనుషులను ఆపదా మామా? నూరు అడుగుల తాళ్ళు మూడు పేనించి పంపు. నడిమివాడు కట్టుకునే చోటు తెలిసేట్టు మధ్యలో ఎర్రదారం చుట్టించు" అని రాశాడు. నాకు ఆ మాట భలే నచ్చింది. మన తాడు హిమాలయాలు ఎక్కుతోందని నలుగురికీ చెప్పుకున్నాను.

ఆదోనిలో మస్తాన్ సాబు చేతి తాడుకు పేరు. ఆయనకు ఎంత పొడవో, ఎర్రదారం ఎక్కడో అంతా చెప్పాను. చెప్పిన రోజుకు పోయేసరికి మూడు చుట్టలు గడప దగ్గర పెట్టి ఆయన నమాజుకు పోయి ఉన్నాడు. విప్పి చూశాను. మూడింటిలోనూ మధ్యన ఎర్రదారం ఉంది. రెండు తాళ్ళకు ఒక్కొక్క చుట్టు, మూడోదానికి జానెడు ఎడంతో రెండు చుట్లు. ముసలాయనకు దారం ఎక్కువైందేమో అనుకున్నాను. స్టేషను పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, తాళ్ళు రైలు పార్సిల్లో వేసి, చేతులు దులుపుకుని ఇంటికి వచ్చాను.

మూడు వారాల తరువాత వేరే పని మీద ఆదోని పోతే మస్తాన్ సాబు నన్ను వీధిలోనే ఆపాడు.

"ఏమప్పా రంగప్పా, ఆ అతుకు తాడు పక్కన పెట్టినావు గదా? దాని బదులు ఇంగోటి పేనిపెట్టినా, తీస్కపో."

"ఏ అతుకు తాడు సాబూ?"

"అదేనప్పా, జానెడు ఎడంగా రెండు ఎర్రపోగులు కట్టింటి సూడు. నడిమధ్యలో నూలు అయిపాయ. మూడు పురులకీ పాత నూలు అతికించినా. పందిరి కట్టుకునేకి పనికొస్తాది గానీ మనిషి బరువుకు నిలవదు. తప్పులు పట్టేవానివి, నీకు తెలీదా అని ఊరుకుంటి."

నాకు తెలియదు. మా ఎమ్మిగనూరులో తప్పు ఉన్నచోట అంచు మీద మసిచుక్క పెడతారు. ఆదోనిలో తాళ్ళు పేనేవాళ్ళు అతుకుకు అటూ ఇటూ ఎర్రపోగు కడతారట. ఈ రెంటి నడుమ ఉన్నదాన్ని నమ్మవద్దని దాని అర్థం. ఇరవై మైళ్ళు లేదు ఈ ఊరికీ ఆ ఊరికీ. నేను ఆయన అరుగు మీదే కూలబడ్డాను.

"పంపిస్తివా?" అన్నాడు సాబు. నేను తల ఊపాను. "యా అల్లా" అని ఆయన నా పక్కనే కూర్చున్నాడు. తరువాత లేచి లోపలికి పోయి కొత్త తాడు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వే పోప్పా. తంతి పోతాదో పోదో. నువ్వే పో."

తంతి కూడా కొట్టాను, వాళ్ళు కొండలకు బయలుదేరే అల్మోడా ఊరి పోస్టాఫీసుకు. జవాబు రాలేదు. నాలుగో రోజు బయలుదేరాను.

అక్క ఇంట్లో

అక్కకు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తీర్థయాత్రకు పోతున్నానని, దారిలో నాగరాజును చూసి వస్తానని అన్నాను.

"ఇన్నేండ్లు లేంది నీకిప్పుడు బక్తి యాడనుంచి వచ్చెరా?" అని నవ్వింది. నవ్వుతూనే రాత్రికి రాత్రి జొన్నరొట్టెలు కాల్చి, ఎండబెట్టి, మూటలు కట్టింది. ఒకటి నాకు, ఇంకొకటి వాడికి. శెనక్కాయల పొడి, చింతకాయ తొక్కు వాడికే. "వాడు సలికి తట్టుకోలేడురా, సిన్నప్పటి నుంచి అంతే. ముక్కు కారుతాంటే తుడుసుకోడు" అంటూ నా చేతిలో రెండు మఫ్లర్లు పెట్టింది. ఆమె ముఖం చూడలేక మూటలు అందుకుని వచ్చేశాను.

రైళ్ళు

ఆదోని నుంచి కొండల కింద రైలు ఆగిపోయే కాఠ్‌గోదాం దాకా మూడుచోట్ల రైళ్ళు మారాను. కొత్త తాడును దిండులా తల కింద పెట్టుకున్నాను, ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. దొంగలు నూలు తాడును ఎత్తుకుపోరని తెలుసు. అయినా పెట్టలేదు.

మన్మాడు దాటాక ఎదుటి బల్ల మీద ఒక పంజాబీ పెద్దమనిషి కూర్చున్నాడు. దేశం రెండైనప్పుడు అటునుంచి వచ్చేసి ఢిల్లీలో ఉన్ని బట్టలు అమ్ముకుంటున్నాడు. అక్క రొట్టె విరిచి ఇస్తే కటకట నమిలి, దీన్ని తినడానికి పళ్ళు రెండు జతలు కావాలన్నాడు. శెనక్కాయల పొడి నాలుక మీద వేసుకుని మాత్రం మళ్ళీ చెయ్యి చాచాడు. నా ఉర్దూ విని ఆయనకు ఒకటే నవ్వు. మా ఆదోనిలో వద్దు అనడానికి "నక్కో" అంటాం. ఆయన చాయ్ ఇవ్వబోతే నక్కో అన్నాను. ఆయనకు అర్థం కాక ఇంకొకటి తెప్పించాడు.

ఆయన సంచిలోని శాలువను అలవాటు కొద్దీ వెలుతురుకు పట్టి చూశాను. అంచుకు దగ్గరగా పోగు వదులుగా ఉంది. చూపించాను. ఆయన ఆశ్చర్యపోయి "నీ కంటి నుంచి ఏదీ తప్పించుకోదే!" అన్నాడు. ఆ మాట విని నాకు అన్నం సయించలేదు. ఆగ్రా వచ్చినా తాజ్‌మహల్ ఏ దిక్కున ఉందని కూడా అడగలేదు.

అల్మోడా

కాఠ్‌గోదాంలో బస్సు ఎక్కితే అది కొండను చుట్టుకుంటూ పోతుంది. కిటికీలోంచి చూస్తే చక్రం కింద నేల లేదు. నా పక్కన కూర్చున్న ఆమె ఒడిలో మేకపిల్లను పెట్టుకుని నిద్రపోయింది. నేను ముందు సీటు కడ్డీని వదల్లేదు. అల్మోడాలో దిగేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి.

పోస్టాఫీసుకు పరుగెత్తాను. గుమాస్తా అరలు వెతికి, నాగరాజు పేరున ఒక తంతి ఉందని, తీసుకునే మనిషి రాలేదని చెప్పాడు. చూస్తే నేను కొట్టిందే. "రెండు ఎర్ర గుర్తుల తాడు వాడవద్దు" అన్న నా మాటలు ఇంగ్లీషులో నాకే అందాయి. వాళ్ళు తంతి రావడానికి నాలుగు రోజుల ముందే ఊరు వదిలిపోయారట. సంతకం పెట్టి నా తంతి నేనే తీసుకున్నాను. గుమాస్తా మర్యాదగా శుభవార్తేనా అని అడిగాడు.

ఆ ఊళ్ళో ఎండ ఉన్నా చలి. మే నెలలో ఆదోనిలో రాళ్ళు పేలుతుంటే ఇక్కడ జనం కోట్లు వేసుకుని తిరుగుతున్నారు. నా తోలు చెప్పులు చూసి అంగడివాడు జాలిపడి కాన్వాసు బూట్లు, ఉన్ని మేజోళ్ళు అంటగట్టాడు. బూట్లకే తొమ్మిది రూపాయలు! మా ఊళ్ళో ఆ డబ్బుకు మంచి పంచెల చాపు వస్తుంది. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. ఇరవై ఏళ్ళలో నేను బేరమాడకుండా కొన్న వస్తువు అదొక్కటే.

కప్‌కోట్

గరుడ్ అనే చోట బస్సు ఆగిపోతుంది. తరువాత అంతా కాళ్ళే. బాగేశ్వర్ మీదుగా కప్‌కోట్ చేరేసరికి బూట్లు కరిచి మడమలు పుండ్లయ్యాయి. మళ్ళీ చెప్పులే వేసుకున్నాను.

అక్కడ పదమ్ సింగ్ దొరికాడు. పైన ఖాతీ ఊరివాడు, అరవై దాటినవాడు. ఉప్పు కొనుక్కుని ఇంటికి పోతున్నాడు. రోజుకు రెండు రూపాయలకు దారి చూపించి మూటలు మోస్తానన్నాడు. ఈ కొండల్లో మగవాళ్ళు నడుస్తూనే ఉన్ని వడుకుతారు. చంకలో ఉన్ని, చేతిలో కదురు, కాళ్ళు దారి మీద. కబుర్లు చెబుతూ, వంతెన దాటుతూ, చుట్ట కాలుస్తూ కూడా కదురు ఆపరు. మా దగ్గర వడకడం ఆడవాళ్ళ పని, అదీ కూర్చుని. పదమ్ సింగ్ పోగును వేళ్ళ మధ్య పెట్టి చూశాను. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు.

మీలో పోగు తెగి అతికితే ఏం గుర్తు పెడతారు అని అడిగాను. గుర్తెందుకు, ఎవరికి ఇస్తామో వాళ్ళకు నోటితో చెబుతాం కదా అన్నాడు. సాబు నాకు చెప్పి ఉండాల్సింది. నేనూ ఆయన వచ్చేదాకా ఆగి ఉండాల్సింది. ఇద్దరమూ ఎర్రదారం మీద వదిలేశాం.

ధాకుడి

లోహార్‌ఖేత్ నుంచి ధాకుడి దాకా ఎక్కుడే ఎక్కుడు. పది అడుగులకు ఒకసారి నిలబడ్డాను. పదమ్ సింగ్ పైనుంచి ఓపికగా చూస్తూ కదురు తిప్పుకున్నాడు. దారి పక్కన ఎర్రని పూలు చెట్ల నిండా ఉన్నాయి. వాటితో షర్బత్ చేస్తారట. నాకు ఆ రోజుల్లో ఎర్రనిదేది చూసినా ఆ దారమే గుర్తొచ్చేది.

కొండ నెత్తి మీదికి చేరగానే ఎదురుగా మంచుకొండలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పదమ్ సింగ్ చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను. మామూలుగా అయితే అందరూ ఇక్కడ ఒళ్ళు పులకరించిందని రాస్తారు. నాకు మాత్రం ఇంత పెద్ద చోట ముగ్గురు మనుషులను యాడ వెతికేదప్పా అని ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను. అప్పుడు పదమ్ సింగుకు తాడు సంగతంతా చెప్పాను. నా ప్రయాణంలో నిజం విన్న మొదటి మనిషి అతనే.

అతను అంతా విని, దానికి ఎంతమంది కట్టుకుంటారు అని అడిగాడు. ముగ్గురని చెప్పాను. కదురు చుట్టి నడుములో దోపుకున్నాడు. ఆ రోజు మిగతా దారంతా అతను వడకలేదు. నా చెయ్యి పట్టుకుని దిగాడు.

ఖాతీ

ఖాతీలో పదమ్ సింగ్ భార్య పెట్టిన రొట్టె నల్లగా ఉంది. విరిచి నోట్లో పెట్టుకుంటే రాగి! వాళ్ళు మడువా అంటారు. ముద్ద చేసుకుంటే ఇంకా బాగుంటుందని నేను చేత్తో చూపిస్తే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. అంత దూరంలో రాగి కనబడేసరికి సొంతవాళ్ళను చూసినట్టు అనిపించి రెండు రొట్టెలు తిన్నాను. ఇల్లు వదిలాక కడుపు నిండా తిన్నది అదే మొదటిసారి.

ఆ సుఖం చెయ్యి కడుక్కునేదాకా నిలవలేదు. గొర్రెలను తోలుకుని పైనుంచి ఒకాయన వచ్చాడు. మద్రాసీలు ముగ్గురు పైన గుడారం వేసుకున్నారని, వాళ్ళలో ఒకడు మంచులో పడ్డాడని చెప్పాడు. ఎవడు? ఎట్లా ఉన్నాడు? తాడుతో లాగారా? నా ఉర్దూ అంతా ఒక్కసారిగా అతని మీద కుమ్మరించాను. అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. పదమ్ సింగ్ వాళ్ళ భాషలో అడిగాడు. తను కళ్ళారా చూడలేదట, ఇంకొక కాపరి చెప్పగా విన్నాడట. పడ్డవాడికి కళ్ళద్దాలు ఉన్నాయట.

నాగరాజుకు కళ్ళద్దాలున్నాయి.

ద్వాలీ మీదుగా, మంచుకు ముందు ఆఖరి బంగళా ఉన్న ఫుర్కియాకు మామూలుగా రెండు రోజులు నడుస్తారు. మేము ఒక్కరోజులో పోయాం. దారిలో జలపాతాలు ఉన్నాయని తరువాత ఎవరో చెప్పారు. ఉండే ఉంటాయి, చెవుల్లో ఒకటే హోరు.

ఫుర్కియా

ఫుర్కియా బంగళా వసారాలో నా తాడు కనబడింది. దాని మీద రెండు చొక్కాలు, ఒక లుంగీ ఆరేసి ఉన్నాయి. పరుగున పోయి బట్టలు లాగిపారేసి మధ్యలో చూశాను. ఒక్కటే ఎర్ర చుట్టు. పక్కనే కట్టెల మోపుకు కట్టిన రెండో తాడు ఉంది. విప్పాను. అందులోనూ ఒక్కటే.

అంటే మంచి తాళ్ళు రెండూ ఇక్కడ బట్టలారేయడానికి, కట్టెలు కట్టడానికి ఉన్నాయి. అతుకు తాడు పైన వాళ్ళ నడుముల మీద ఉంది. కావలివాడు నన్ను దొంగ అనుకుని కర్ర ఎత్తుకుని వచ్చాడు. పదమ్ సింగ్ అడ్డం నిలబడి సర్దిచెప్పాడు. కళ్ళద్దాలాయన ఎట్లా ఉన్నాడని అడిగితే, కిందికి దిగి రాలేదు కాబట్టి తనకు తెలియదన్నాడు. బతికి ఉంటే ఈ వారం సామాన్లకు దిగాలి అని కూడా అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు.

నెర్రెలు

తెల్లవారగానే బయలుదేరాం. గడ్డి అయిపోయి రాళ్ళు, రాళ్ళు అయిపోయి మంచు. ఆ మంచు నేను అనుకున్నట్టు మెత్తగా, పాలమీగడలా లేదు. మట్టి కొట్టుకుని, గరుకుగా, మెట్లు మెట్లుగా కొండ పైదాకా విరిగి ఉంది. అడ్డంగా పగుళ్ళు. మన నల్లరేగడి చేలు వేసవిలో నెర్రెలు బారుతాయే, అచ్చం అట్లాగే. మన నెర్రెలో కాలు ఇరుక్కుంటుంది. ఇక్కడ ఎద్దుల బండి పడినా మళ్ళీ కనబడదు. లోపల నీలంగా, ఇంకా లోపల నల్లగా ఉంది. అడుగున ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

పదమ్ సింగ్ నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి ఇక ముందుకు రావద్దన్నాడు. అతనే మొదట చూశాడు. పైన తెల్లటి వాలు మీద చుక్కలు. ఒకటి... రెండు... చాలాసేపటికి మూడోది. మూడు! నేను లేచి నిలబడి "నాగరాజూ!" అని అరవబోయాను. పదమ్ సింగ్ గట్టిగా నా నోరు మూశాడు. వాళ్ళు ఆ సమయంలో ఒక పగులు మీది మంచు వంతెన దాటుతున్నారు. అరిస్తే వెనక్కి తిరుగుతారు, తిరిగితే అడుగు తప్పుతారని చెవిలో చెప్పాడు.

ముందువాడు దాటాడు. నడిమివాడు వంగి, కర్రతో పొడిచి చూసుకుంటూ నెమ్మదిగా కదిలాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచాను. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. మా ఆంజనేయస్వామికి, ఆదోని దర్గాకు, పేర్లు తెలియని ఆ కొండలకు అన్నిటికీ మొక్కాను. ఇరవై ఏళ్ళలో ఎంతమంది నేతగాళ్ళ తప్పులు చూపించి నలుగురిలో తలవంచేలా చేశానో వాళ్ళందరికీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. నడిమివాడు దాటాడు. వెనుకవాడూ దాటాడు.

వాళ్ళు మా దగ్గరికి చేరడానికి ఇంకో గంట పట్టింది. నడిమివాడే నాగరాజు. ముఖం కమిలి, పెదవులు పగిలి, ఒక కంటి అద్దం లేదు. నన్ను చూసి నోరు తెరిచి నిలబడిపోయాడు.

"మామా! నువ్వేంది ఈడ? అమ్మకేమన్నా అయిందా?"

"అమ్మ బాగుందిరా. నీకు రొట్టెలు పంపింది" అన్నాను.

వాడు నన్ను కావలించుకుని ఎగిరాడు. స్నేహితులను పిలిచి "మా మామ! ఆదోని తాడు పంపిన మామ ఈయనే!" అని పరిచయం చేశాడు. స్వామినాథన్ అనే అరవ అబ్బాయి నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. బొంబాయి నుంచి వచ్చిన దేశ్‌పాండే నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. నన్ను మాట్లాడనిస్తే కదా!

"అయిదు దినాల కింద నేను పగుల్లో పడినా మామా. ఇంత లోతు. ఇద్దరూ తాడు పట్టుకుని ఆపినారు. గంట సేపు యాలాడినా. నూలు తాడు తడిసి కడ్డీ మాదిరి అయింది గానీ తెగలే. ఆ సాబు తెలివి సూడు, మిగతా రెండిటికీ నడిమధ్య ఒక్క గుర్తే పెట్టినాడు. దీనికి ఈణ్ణుంచి ఈడిదాకా ముడి ఏసుకోమని రెండు పెట్టినాడు. అందుకే మేము దీన్నే ఎత్తుకున్యాము."

వాడి నడుము ముందు ముడి ఉంది. పిడికిలి కంటే పెద్దది. దానికి ఈ పక్కన ఒక ఎర్రపోగు, ఆ పక్కన ఒక ఎర్రపోగు. నడుమ ఉన్న జానెడూ ముడి లోపల మడతలు పడి బిగుసుకుపోయి ఉంది. వాడు పడినప్పుడు బరువంతా అటూ ఇటూ ఉన్న గట్టి తాడును బిగించి పట్టిన ముడి మీద పడింది. అతుకు మీద పడలేదు.

నేను అప్పుడు నోరు మూసుకుని ఊరుకోవచ్చు. కొత్త తాడు కానుకగా తెచ్చానని చేతిలో పెట్టి పాతది తీసుకుని పోవచ్చు. వాళ్ళు నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఆ చూపు పోగొట్టుకోవడం నాకు కష్టంగానే ఉంది. ఎంతో సేపు కాకపోయినా ఆలోచించిన మాట నిజం. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

తరువాత చెప్పేశాను. సాబు మాట, మసిచుక్క, నా తంతి నాకే అందడం, అక్కకు ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. నాగరాజు మిగతావాళ్ళకు ఇంగ్లీషులో చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. వాడు చేతి తొడుగులు తీసి ముడి విప్పడం మొదలుపెట్టాడు. మంచులో బిగిసిన ముడి, గోళ్ళు నొప్పిపెట్టేదాకా పీకాడు. విప్పి ఒక పక్క నా చేతిలో పెట్టాడు.

"లాగు మామా."

రెండు ఎర్రపోగులకు అటు వాడు, ఇటు నేను పట్టుకున్నాం. పెద్ద బలం పెట్టలేదు. పటుక్కుమని చప్పుడైనా కాలేదు. అతుకు నెమ్మదిగా వదులై, పోగులు పోగులుగా జారి, రెండు ముక్కలూ చెరొకరి చేతిలో మిగిలాయి.

స్వామినాథన్ ఉన్నచోటనే మంచు మీద కూర్చున్నాడు. నాగరాజు తన చేతిలో ముక్కను, నన్ను మార్చి మార్చి చూశాడు. వాడు కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండుననిపించింది. వాడు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేను.

"అమ్మకు మాత్రం సెప్పద్దు మామా" అన్నాడు.

ఎమ్మిగనూరు

వాళ్ళు పటం సగంలో వదిలి రాలేదు. రెండు రోజులు ఆగి కొత్త తాడుతో మళ్ళీ పైకి పోయారు. పోయేముందు ఆ నూరు అడుగులూ జానెడు జానెడు తడిమి, వెలుతురుకు పట్టి చూశాను. వాళ్ళు ఓపికగా నిలబడ్డారు. వాళ్ళు దిగి వచ్చేదాకా ఫుర్కియాలో పదమ్ సింగ్ దగ్గర ఉన్ని వడకడం నేర్చుకుంటూ కూర్చున్నాను. నా పోగు ప్రతి మూరకూ తెగింది.

ఆదోనిలో దిగగానే మస్తాన్ సాబు ఇంటికి పోయాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. "బతికినాడు సాబూ" అన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. ఇప్పుడు తాడు చుట్ట ఎవరికి ఇచ్చినా నోటితో చెప్పే ఇస్తున్నాడట.

అక్కకు మాత్రం ఇద్దరం చెప్పలేదు. మా అక్కకు చదువు రాదు, ఆ ధైర్యంతోనే ఇది రాశాను. మీలో ఎవరైనా మా వీధికి వస్తే దయచేసి ఆమెకు చదివి వినిపించకండి. నాగరాజు వచ్చే వేసవికి ఇంకా పెద్ద హిమానీనదం మీదికి పోతానంటున్నాడు. ఆ సంగతి మొన్న నేనే ఆమె చెవిన వేశాను, వద్దంటుందేమోనని ఆశపడి. ఆమె చేటలో జొన్నలు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"పోనీలేరా. నువ్వు సూసి పంపే తాడు ఉంటే నాకేం బయం?"